ఉపవాసం నాటి డబ్బా

చెవుల్లో ఆ రెండు తెల్ల గుండీలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెట్రోలో తల ఊపుతూ కూర్చున్నావే, నిన్నే అడుగుతున్నాను. ఆ పాట ఎవరిది? పాడిన మనిషి ఉందా, పోయిందా? ఆ గొంతు నీ చెవి దాకా ఏ దారిన వచ్చిందో ఒక్కసారైనా అడిగావా? అడగవు. రోజూ అన్నం వండి పెట్టేవాళ్ళ పేరే అడగనివాడివి, పాడేవాళ్ళ పేరు ఏం అడుగుతావు! హేమంత్ కూడా నీలాంటివాడే. అతని సంగతి చెబుతాను, ఆ గుండీలు తీసి విను.

హేమంత్‌ది అనంతపురం. మాదాపూర్‌లో ఒక మగపిల్లల హాస్టల్లో మూడో అంతస్తులో ఉండేవాడు. సాఫ్ట్‌వేర్‌లో పక్కవాళ్ళు చేసిన తప్పులు వెతికి పట్టుకోవడం అతని ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికల్లా స్నానం చేసి, మెడలో కంపెనీ కార్డు వేసుకుని, కిందికి దిగి వంటింటి కిటికీ దగ్గర నిలబడేవాడు. గట్టు మీద నలభై స్టీలు డబ్బాలు బారుగా ఉండేవి. వంటమనిషి రూతమ్మ వాటిలో వేడన్నం, పప్పు, ఒక కూర సర్ది మూతలు నొక్కేది. నొక్కేటప్పుడు పాడేది. డబ్బాకొక చరణం.

ఆ వంటింట్లో మూత పెడుతూ ఏం పాడితే అది డబ్బాలో ఉండిపోయేది. మధ్యాహ్నం ఆఫీసులో మూత తీస్తే ముందు ఆవిరి వచ్చేది, దాని వెనకే పాట వచ్చేది. పక్క బల్ల వాళ్ళు "మీ హాస్టల్లో పప్పు బాగుంటుందా?" అని అడిగేవారు. పాట సంగతి ఎవరూ అడిగేవారు కాదు. పాట ఒక్కసారే. మళ్ళీ మూత పెట్టి తీస్తే ఉత్త అన్నం వాసన.

ఒక్క పట్టింపు మాత్రం ఉండేది, ఆఫీసులో డబ్బా పాట విన్నవాళ్ళకు కూడా అది తెలుసు. ప్రాణం పోతున్న మనిషి చెవి దగ్గర మూత తీస్తే ఆ పాట గాలిలో కలవదు, వాళ్ళ వెంటే పోతుంది. పాడినవాళ్ళ గొంతునూ తీసుకుపోతుంది. రూతమ్మ తల్లి పోయేటప్పుడు రూతమ్మ భర్త ప్రభుదాస్ ఆవిడకిష్టమైన కీర్తన ఒకటి డబ్బాలో పాడి, ఆవిడ చెవి దగ్గర తీశాడు. ఇష్టంగా ఇచ్చాడు కనుక ఆ ముసలమ్మ సగం గొంతు మిగిల్చి వెళ్ళింది. అప్పటినుంచి ప్రభుదాస్‌ది గుసగుస గొంతే. అతను ఆ హాస్టల్ గేటు దగ్గరే వాచ్‌మన్. ఎవరినైనా ఆపాలంటే ఈల ఊదేవాడు, మాట్లాడాలంటే అవతలివాళ్ళు చెవి వంచేవారు. అందరికీ అది అలవాటే.

పొయ్యి పైన అరలో ఎర్రగుడ్డ చుట్టిన డబ్బా ఒకటి విడిగా ఉండేది. అది వాళ్ళ కూతురు షారోన్‌ది. నర్సు చదువు చదివే పిల్ల, సెలవురోజుల్లో తల్లికి సాయం వచ్చేది. మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం రూతమ్మ ఉపవాసం ఉంది. అందరి డబ్బాలూ సర్దాక షారోన్ తల్లి డబ్బా తీసుకుని, "నీకు అన్నం లేదు గద, పాటన్న తిందువు పట్టు" అని నవ్వి, తల్లిని బయటికి పంపి, ఖాళీ డబ్బాలో ఒక పాట పాడి మూత నొక్కింది. "ఉపాసం పూట పాట గూడ ఒద్దు, ఆదివారం తీస్త" అని రూతమ్మ దాన్ని అరలో పెట్టింది. ఆదివారానికి పిల్ల జ్వరంతో దవాఖానలో ఉంది. బుధవారానికి లేదు. ఆ డబ్బా మూత తీయడానికి తల్లికి చెయ్యి రాలేదు. రోజూ పొద్దున దాన్ని చెవికి ఆనించుకునేది. లోపల తుమ్మెద తిరిగినట్టు సన్నగా రొద వినిపించేది. అది విన్నాకే పొయ్యి వెలిగించేది.

ఇక హేమంత్ పాట సంగతి. కంపెనీలో ప్రాజెక్టు లేక ఖాళీగా, వాళ్ళ మాటలో 'బెంచ్ మీద', కూర్చోబెట్టిన రోజుల్లో అతనూ, లావణ్య అనే విజయవాడ అమ్మాయీ, ఆకాష్ అనే ఇంకొకడూ కలిసి ఒక బ్యాండ్ పెట్టారు. 'బెంచ్ మీద ముగ్గురు' అని పేరు. లావణ్య డ్రమ్స్, ఆకాష్ బేస్, హేమంత్ గిటారూ పాటా. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో, గోడలకు పాత పరుపులు కొట్టి, శనాదివారాలు రికార్డు చేసేవారు. వాళ్ళకిష్టమైనది బ్లూస్, సోల్. అమెరికాలో చెమటోడ్చిన నల్లజనం ఏడుపులోంచి పుట్టిన సంగీతం అది. హేమంత్ దాని చరిత్ర అంతా చదివాడు. శ్రుతి తప్పేవాడు కాదు, తాళం తప్పేవాడు కాదు. అయినా నాలుగేళ్ళలో మూడు రికార్డింగులు విడుదల చేస్తే విన్నవాళ్ళు వందమంది లేరు. వాళ్ళలో సగం ఆఫీసువాళ్ళు.

"నీ పాటలో ఏడుపు ఉంది గానీ ఏడ్చిన మనిషి లేడు హేమంత్," అంది లావణ్య ఒకసారి.

"ఇంకేం చేయల్ల మరి? ఏసీ తీసేసి పాడల్లనా?"

"నాకేం తెలుసండి బాబూ, డ్రమ్స్ కొట్టుకునేదాన్ని!"

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. కావాలనుకుంటే అలాంటి పాట దాకా ఎంత దూరమైనా నడిచి చేరొచ్చు. అతను దగ్గరి దారి వెతికాడు. దుఃఖం కూడా చెమటోడ్చి సంపాదించుకోవలసిందే. పక్కవాళ్ళింట్లో ఉంది కదా అని చెయ్యి పెట్టకూడదు.

ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి అడిగాడు.

"ఆంటీ, పైనున్న ఆ డబ్బా ఒక్కసారి ఇస్తారా? మైకు ముందర తీస్తా. రికార్డయితే ఎప్పటికీ ఉంటాది. వెయ్యిసార్లు వినొచ్చు."

రూతమ్మ మూతలు నొక్కడం ఆపలేదు. "వెయ్యిసార్లు వినేటందుకు కాదు బిడ్డా. ఒక్కసారి వినేటందుకు పెట్టుకున్న."

"ఎప్పుడు?"

"నేను పోయేటప్పుడు. చెవి కాడ తియ్యమని ఈయనకు చెప్పిన. నా బిడ్డ గొంతు నా ఎంట రావాలె. గీడ ఎవలకోసం ఉండాలె అది?"

"అట్లనొద్దు ఆంటీ. మీకేమైతాది?"

"ఏమైతదో దేవునికెరుక. నువ్వైతే తిను. ఇయ్యాల గోంగూర చేసిన." అతని డబ్బాలో ఒక గరిటె ఎక్కువే వేసింది.

ఆ తర్వాతి ఆదివారం తొమ్మిదింటికి భార్యాభర్తలు బైబిలు సంచీలు పట్టుకుని చర్చికి వెళ్ళారు. ఆ వంటింటికి తాళం వేసే అలవాటు లేదు. హేమంత్ మైకు, రికార్డరు తెచ్చి గట్టు మీద పెట్టి, ఫ్రిజ్ స్విచ్చి ఆపి, ఎర్రగుడ్డ విప్పాడు. మైకులో పడుతుందేమో అని ఊపిరి బిగబట్టాడు.

మూత తీశాడు.

నలభై డబ్బాలూ పొద్దుగాల్నే పోయె
నా తల్లి డబ్బా నా చేతిలోనే ఉండె

పందొమ్మిదేళ్ళ గొంతు. ఆడుతూ పాడుతూ అన్నట్టే ఉంది గానీ, ఎక్కడో అడుగున తల్లి ఆకలి తెలిసిన జీర ఉంది. హేమంత్ చదివిన చరిత్రంతా ఆ జీరలో ఉంది. నాలుగు నిమిషాలు పాడి, ఆపి, ఆ పిల్ల మామూలుగా మాట్లాడినట్టు ఒక్క మాట అంది.

"అమ్మా, ఉపాసం ఒడిసింది. ఇగ తిను."

అంతే. డబ్బా ఖాళీ. చెవికి ఆనించి చూశాడు, తుమ్మెద లేదు. రేపు పొద్దున ఆమె చెవి పెడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. ఏదో ఒకటి లోపల ఉండాలి. డబ్బాను నోటి దగ్గర పెట్టుకుని, తన రాగమే ఒకటి హమ్ చేసి, గబుక్కున మూత నొక్కాడు. చెవికి పెట్టాడు. రొద ఉంది. గుడ్డ చుట్టాడు.

తను పెట్టిందేమిటో, అది ఎవరి చెవిలో పడబోతోందో అతనికి తెలియక కాదు. ఆమెకు యాభై రెండేళ్ళు, ఇంకో పాతికేళ్ళు బతుకుతుంది, ఈలోగా ఏదో ఒకటి చెప్పుకోవచ్చులే అనుకున్నాడు. తప్పు చేసేవాడికి ఎప్పుడూ ముందర పాతికేళ్ళు కనిపిస్తాయి.

మర్నాడు రూతమ్మ డబ్బాను చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడింది. కిటికీ అవతల హేమంత్ ఫోనులోకి చూస్తున్నాడు.

"ఏందో," అంది భర్తతో, "నా బిడ్డకు జలుబు చేసినట్టున్నది." పొయ్యి వెలిగించింది.

సెల్లారులో లావణ్య ఆ పాట రెండుసార్లు విని కళ్ళు తుడుచుకుంది. "ఎవరిదీ గొంతు?"

"మా హాస్టల్ ఆంటీ వాళ్ళ పాప. చనిపోయింది."

"వాళ్ళు ఒప్పుకున్నారా?"

"ఆ."

"చివర మాట ఉంది కదా, అది ఉంచేద్దాం. దానికే గుండె పట్టేసింది నాకు."

"మాటొద్దు. పాట పాడైతాది," అన్నాడు హేమంత్. నిజానికి అందులో 'అమ్మా' అని ఉంది. ఆ పిలుపు వింటే ఎవరి అమ్మ అని జనం అడుగుతారు. ఆ ముక్క కోసి, తుడిచేశాడు. కింద తన గిటారు పెట్టి, నడుమ తన గొంతు కలిపి, 'రచన, సంగీతం, గానం: హేమంత్' అని వేశాడు. అమ్మాయి గొంతుకు 'పాత సేకరణ' అని రాశాడు.

ఆ పాట నెలలో ఊరంతా పాకింది. కాఫీ హోటళ్ళలో, ఆఫీసు లిఫ్టుల్లో, క్యాబుల్లో అదే. పేరున్న సంగీతం వెబ్‌సైట్లు 'హైదరాబాద్ సోల్' అని రాశాయి. హాస్టల్ కుర్రాళ్ళు కూడా విన్నారు. అందులో గొంతును గుర్తుపట్టేవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరికీ చెవుల్లో గుండీలు పెట్టుకునే అలవాటు లేదు. ఒక శనివారం సాయంత్రం గచ్చిబౌలిలో వెయ్యిమంది ముందు పాడమని బ్యాండ్‌కు పిలుపొచ్చింది.

ఆ శనివారం పొద్దున హేమంత్ కిందికి దిగేసరికి గట్టు మీద నలభై డబ్బాలూ మూతల్లేకుండా ఉన్నాయి. రూతమ్మ పొయ్యి ముందే పడిపోయిందట. గేటు ముందు ఆటో. వెనక సీట్లో ఆమె తల వాలిపోయి ఉంది. ప్రభుదాస్ వంటింట్లోంచి పరుగున వచ్చాడు. చేతిలో ఎర్రగుడ్డ చుట్టిన డబ్బా.

హేమంత్ అడ్డం వెళ్ళాడు. "అంకుల్..."

"ఏంది బిడ్డా?" ప్రభుదాస్ గుసగుసగా అడిగి చెవి వంచాడు.

అప్పుడు హేమంత్‌కు గొంతు ఉంది. పాడైన గొంతు కాదు, వెయ్యిమంది వినబోతున్న గొంతు. 'ఆ డబ్బా తీయొద్దు' అనడానికి మూడు మాటలు చాలు. పదకొండింటికి స్టేజీ మీద మైకులు సరిచూసుకోవాలని గుర్తొచ్చింది.

"ఏం లేదంకుల్. జాగ్రత్త."

ఆటో వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆరున్నరకు స్టేజీ మీద దీపాలు వెలిగాయి. లావణ్య కర్రలు తట్టింది. యంత్రంలోంచి షారోన్ గొంతు లేచింది, జనం ఒక్కసారిగా హోరెత్తారు. హేమంత్ తన చరణం అందుకున్నాడు. రెండో మాట మీద ఉండగా గొంతులోంచి దారం లాగినట్టయింది. నోరు ఆడుతోంది, శబ్దం లేదు. మైకు పోయిందనుకుని కుర్రాళ్ళు ఇంకో మైకు తెచ్చారు. అందులోనూ లేదు. షారోన్ పాడుతూనే ఉంది. జనం అదో కొత్త ప్రయోగం అనుకుని చప్పట్లు కొట్టారు.

దగ్గు కూడా చప్పుడు లేకుండానే వచ్చింది. ఆ రాత్రి లావణ్య పాత రికార్డింగులన్నీ పెట్టి చూసింది. గిటారు ఉంది, డ్రమ్స్ ఉన్నాయి. హేమంత్ గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె అతని మొహం కేసి చూసింది.

"ఎవరి చెవిలో పోయింది?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగలేదు. కర్రలు సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

మూడు రోజుల తర్వాత ప్రభుదాస్ మళ్ళీ గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. వంటింట్లో వేరే మనిషి వచ్చింది, ఆమె పాడదు. హేమంత్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"కూసో బిడ్డా," అన్నాడు ప్రభుదాస్. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఆ పొద్దుమీకి దవాఖానల పానం పోతుంటే చెవి కాడ పెట్టి తీసిన. నీ గొంతు వచ్చింది. మూడేండ్ల సంది రోజు ఆ గొంతు మీదనే ఉన్న చెవి గద ఆమెది, ఎట్ల మోసపోతది? కండ్లు తెరిచి 'నా బిడ్డేది?' అన్నది. నేనేం చెప్పాలె? దాని తర్వాత ఇంకేం మాట్లాడలే."

షారోన్ చివరగా అన్న మాట తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే. లావణ్యకు అది ఆ ఇంటికి చేరలేదని తెలియదు. హేమంత్‌కు తెలుసు. రికార్డులో దాన్ని తుడిచేసింది అతనే. ఆ తల్లికి ఎలాగూ చేరలేదు, కనీసం తండ్రికైనా చేర్చాలని నోరు తెరిచాడు. పెదవులు 'అమ్మా' అన్నాయి. శబ్దం రాలేదు. మళ్ళీ అన్నాయి.

"ఏంది బిడ్డా?" ప్రభుదాస్ చెవి వంచాడు.

హేమంత్ ఫోను తీసి, ఏడుస్తూ, ఆ ఐదు మాటలూ టైపు చేసి చూపించబోయాడు. ప్రభుదాస్ అతని చెయ్యి మెల్లగా పక్కకు తోశాడు.

"రాసింది ఒద్దు. ఏదున్నా నోటితోని చెప్పు. ఆ పొద్దు ఆటో కాడ చెప్పకపోతివి."

వెనక ఒక బండి హారన్ కొట్టింది. ప్రభుదాస్ లేచి ఈల ఊది గేటు తీశాడు. ఆ బండిమీద కుర్రాడి చెవుల్లో రెండు తెల్ల గుండీలున్నాయి, షారోన్ పాడుతోంది.

హేమంత్ ఆ హాస్టల్ ఖాళీ చేయలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర ఆగుతాడు. ప్రభుదాస్ చెవి వంచుతాడు. హేమంత్ నోరు తెరుస్తాడు.