భోజన ప్రార్థన ఎవరిది?

పెళ్లయిన తొమ్మిదో రోజు, గురువారం పొద్దున్నే ఫిన్నీకి ఓడ నుంచి ఫోను వచ్చింది. అతనిది నౌకాదళంలో ఉద్యోగం. శ్రీలంకతో కలిసి చేసే విన్యాసాలు నాలుగు రోజుల ముందే మొదలవుతున్నాయట. ఈ రెండు దేశాలూ చేతులు కలిపాయని ఇంకో దేశం తన ఓడల్ని ఆ పక్కకు నడిపిస్తోందట. ఆదివారం పొద్దుటికి విశాఖలో ఉండాలి.

వట్లూరు ఇంట్లో కొత్త పెళ్లికూతురు ప్రీతి వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. శుక్రవారం, శనివారం. అంతే. కొల్లేట్లో పడవెక్కి గూడబాతుల్ని చూడాలని పెళ్లికి ముందే అనుకున్నారు. పెళ్లయ్యాక ఇద్దరే కలిసి గడప దాటిందే లేదు.

ఫిన్నీకి మేనత్తలు ముగ్గురు. ఉంగుటూరు కనకమ్మకూ తాడేపల్లిగూడెం స్నేహలతకూ రొయ్యల కూర దగ్గర ఏళ్ల తరబడి పంతం. అలాంటిది, పిల్లాడి సెలవు తెగిపోయిందని విని చెరో విందు మానుకుని శుక్రవారం ఉంగుటూరులో ఒకే విందు పెడతామన్నారు. ప్రీతి సంతోషంతో ఫ్రిజ్ తలుపు ఊరికే తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. శనివారం మిగిలింది.

గంటలో మూడో మేనత్త, కామవరపుకోట సువార్తమ్మ ఫోను చేసింది.

"వచ్చే సెలవుకి పిలుద్దామనుకున్నానమ్మా. వాళ్లిద్దరూ ఒకటయ్యారంటే నన్ను చిన్నబుచ్చడానికే. శనివారం మా ఇంట్లో భోజనం. మేకపోతుని కట్టేయించాను."

"మీ మీదకి కాదండీ అత్తయ్యగారూ."

"ఎవరి మీదకో నాకు తెలుసులే."

ప్రీతి ఫోను పెట్టేసి మంచం మీద కూలబడింది. "ఏవండీ, ఇలాంటప్పుడు మీ ఓడలవాళ్లు ఏం చేస్తారు?"

"ఎప్పుడు, ఎక్కడ చేస్తున్నామో చుట్టుపక్కల అందరికీ ముందే చెప్తాం. కొంతమందిని పిలిచి కూర్చోబెడతాం, చూసుకోమని."

"అప్పుడు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. కాస్త నెమ్మదిస్తారు."

ప్రీతి కనకమ్మకు ఫోను చేసింది. "భోజన ప్రార్థన ఎవరు చేస్తారండీ?"

"అదింకా తేలలేదమ్మా." ఆ కుటుంబంలో విందుకి పెద్దరికమంటే ఆ ప్రార్థనే.

"సువార్తమ్మ అత్తయ్యగారిని అడగమంటారా?"

"అడుగమ్మా. స్నేహలత చేయడం కంటే నయం."

స్నేహలతా అదే మాట అంది, పేరు మార్చి.

ఆ తర్వాత ప్రీతి కామవరపుకోటకు ఫోను చేసి, కూరల పేర్లన్నీ చదివి, వేళ చెప్పి, ప్రార్థన మీదేనండీ అంది. "చూస్తాలే," అంది సువార్తమ్మ.

శుక్రవారం పన్నెండింటికి ఆమె ఆటో దిగింది. గిన్నెల మూతలన్నీ తీసి చూసింది. మళ్లీ పెట్టేసింది. తర్వాత నిలబడి కొత్త జంట కోసం, ఓడ కోసం, లంక ఓడల కోసం, ఆ మూడో దేశం ఓడల కోసం కూడా ప్రార్థించింది. బిర్యానీ చల్లారిపోయింది. కనకమ్మ, స్నేహలత కొంచెం ముందుగానే "ఆమెన్" అన్నారు.

చేతులు కడుక్కునేచోట సువార్తమ్మ అడిగింది. "రేపు ఎన్నింటికి బయల్దేరతారు?"

ప్రీతి కుళాయి కట్టేసింది. "రేపు... కొల్లేరు వెళ్దామనుకున్నామండీ."

సువార్తమ్మ సంచిలోంచి జీడిపప్పు పొట్లం తీసింది. "పడవలో తినండి. గొడుగు పట్టుకెళ్లు, ఎండ చురుక్కుమంటుంది." గొంతు తగ్గించింది. "మేకపోతు ఎక్కడికీ పోదు. వచ్చే సెలవుకి ఇంకా బలుస్తుంది. వీళ్లిద్దర్నీ పిలుస్తాను. ప్రార్థన మాత్రం పాస్టరుగారిది."

ప్రీతి పొట్లాన్ని ఫిన్నీ జేబులో పెట్టి, మళ్లీ తీసి, తన సంచిలోనే దాచుకుంది.