ఒర్లియంపేట ఫ్రెంచివాడు

భక్తవత్సలానికి యాభై ఆరేళ్ల దాకా పెద్ద కోరికలంటూ లేవు. ఎరువుల దుకాణం ఉంది, కిరుమాంబాక్కంలో కొద్దిగా పొలం ఉంది, ఒర్లియంపేటలో తాతలనాటి మేడ ఉంది, పొద్దున్నే లోకం మీద తీర్పులు చెప్పడానికి తిరుమలై టీకొట్టు ఉంది. ఇంతకంటే మనిషికి ఏం కావాలి? కానీ 2006లో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. పుదుచ్చేరిలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఊసే లేదు. అన్నేళ్ల తరువాత కౌన్సిలర్ కుర్చీలు కనబడేసరికి తెల్లచొక్కా ఉన్న ప్రతివాడూ దాన్ని ఇస్త్రీకి వేశాడు. భక్తవత్సలం రెండు వేశాడు.

నిలబడాలంటే చేతిలో ఒక సమస్య ఉండాలి. దోమల్ని అప్పటికే ఒకాయన పట్టేసుకున్నాడు. మురుగుకాల్వల్ని ఇంకొకాయన ఎత్తుకుపోయాడు. వీధికుక్కల కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు. మనవాడికి మిగిలింది విదేశీయులు. కాగితాలు లేకుండా ఊళ్లో పాతుకుపోయిన పరాయి దేశస్థులందర్నీ ఎక్కడివాళ్లనక్కడికి పంపించెయ్యాలని ప్రచారం మొదలుపెట్టాడు. అలాంటివాళ్లు మన వార్డులో ఎవరున్నారని అడిగితే చూపుడువేలు పైకెత్తేవాడు. చూపించేది దేవుణ్ణి కాదు, తన మేడమీద వాటాలో ఉండే గాస్తోన్‌ని.

ఈ గాస్తోన్ కుర్రతనంలో ఫ్రాన్సు నుంచి సముద్రం చూసిపోదామని వచ్చి, కామెర్లు తెచ్చుకుని, ఈ ఇంటి అరుగు మీద పడిపోయాడు. భక్తవత్సలం తల్లి సెంగమలం పథ్యం పెట్టి లేవదీసింది. లేచినవాడు మళ్లీ కదల్లేదు. ముప్పై ఏళ్లు దాటిపోయింది. లుంగీ కడతాడు, పిల్లలకు ఫ్రెంచి ట్యూషన్ చెబుతాడు, సెంగమలం వంటింట్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడతాడు. అందులో ఆవిడ తిట్లు కూడా భద్రంగా ఉన్నాయి. గాస్తోన్ అనడానికి ఎవరికీ నోరు తిరగక వీధంతా అతన్ని కస్తూరన్న అంటుంది. అన్నదమ్ములు గోడ దగ్గర తగువుపడ్డా, మొగుడూ పెళ్లాలు మాటలు మానేసినా తీర్పు కోసం కస్తూరన్న దగ్గరికే వస్తారు.

అతని మీద భక్తవత్సలానికి కోపం రావడానికి కారణం ఒక్కటే. ఒక పొద్దున టీకొట్టులో తిరుమలై, ఈ వార్డుకి కస్తూరన్న నిలబడితే ఎదురే ఉండదని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. భక్తవత్సలం అక్కడే, టీగ్లాసు పట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. అతని వైపు ఒక్కడూ చూడలేదు. కుర్చీలో కూర్చోకముందే వెనక నుంచి ఎవరో లాగేసినట్టయింది పాపం.

ఆనాటి నుంచి టీకొట్టులో రోజూ అదే రచ్చ. ఏళ్ల తరబడి ఉన్నవాణ్ణి ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతాడు, అలాంటివాళ్లకు పౌరసత్వం ఇచ్చేస్తే పీడా పోతుంది కదా అని కొందరు. ఇస్తే రేపు ఇంకొకడు అరుగు వెతుక్కుంటూ వస్తాడని కొందరు. మీ పూర్వీకులు కూడా తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లే కదా అని తిరుమలై గిల్లితే, మావాళ్లు రాజుల వెంట వచ్చారు, కామెర్లతో రాలేదని భక్తవత్సలం గుటకేసి మరీ చెప్పేవాడు. చివరికి అతని సిద్ధాంతం ఒకటే.

"నూరేండ్లు వుండినా వచ్చినోడు వచ్చినోడే. కాయితం ల్యాకుంటే మూటాముల్లె కట్టాల్సిందే."

గాస్తోన్ వీసా ఆఫీసు వైపు వెళ్లడం తనెప్పుడూ చూడలేదు కనుక కాగితాలు లేవనే అతని లెక్క. నా ఇంట్లో ఒక ఫ్రెంచి జాతీయుడు దొంగతనంగా ఉంటున్నాడు, ఎన్నేళ్లయినా సరే వాణ్ణి వెంటనే పంపించెయ్యండి అని ఇంగ్లీషులో టైపు కొట్టించి విదేశీయుల సంగతి చూసే ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాడు. చెరపకురా చెడేవు అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడికి పెద్దల మాట ఎక్కడ వినపడుతుంది?

విచారణకు వచ్చిన అధికారి పేరు బాపిరాజు. యానాం నుంచి బదిలీ మీద వచ్చాడు. పచ్చి గోదావరి తెలుగు. మనవాడే వచ్చాడని భక్తవత్సలం పొంగిపోయి హాల్లో మంచి కుర్చీ వేయించాడు. భార్య మహాలక్ష్మి కాఫీ తెచ్చింది. సెంగమలం ఓ మూల కూర్చుని చిన్న రోట్లో తాంబూలం దంచుకుంటోంది.

బాపిరాజు మేడెక్కి వెళ్లి, కాసేపటికి చెమట తుడుచుకుంటూ దిగి వచ్చాడు. గాస్తోన్ డెబ్భై తొమ్మిదిలోనే భారత పౌరసత్వం తీసేసుకున్నాడట. ఎలాగూ ఇక్కడే ఉండేవాణ్ణి, చుట్టంలా ఎన్నాళ్లుంటానని తీసుకున్నాడట. ఎవరికైనా చెప్పాల్సిన విషయమని అతనికి తోచలేదట.

భక్తవత్సలం మొహంలో నెత్తురుచుక్క లేదు. బాపిరాజు కాఫీ తాగేసి లేచాడు.

"ఆయ్, అయితే ఈ ఇంట్లో ఫ్రెంచివాళ్లెవరూ లేరని రాసేస్తానండి."

"ఏల లేరు?" అంది సెంగమలం మూల నుంచి. "వుండాడు గదా."

"ఎవరండీ?"

"వాడే. నా కొడుకు."

రోటిలో తాంబూలం దంచుతూనే ఆ మహాతల్లి కథంతా చెప్పింది. అరవైరెండులో ఊరు ఇండియాలో కలిసినప్పుడు, ఫ్రెంచివాళ్లుగానే ఉండిపోదలచినవాళ్లు ఆరు నెలల్లో సంతకం పెట్టి చెప్పాలన్నారు. ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచన లేదు. ఆ రోజుల్లోనే ఒక పెళ్లికి పోయారు. బంతిలో ఆవిడ మొగుడు దేవరాజన్, ఆవిడ తమ్ముడు పక్కపక్కన కూర్చున్నారు. వడలు అడుగంటాయి. ఆఖరి వడ దేవరాజన్ ఆకులో పడాల్సింది, తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టి తన ఆకులో వేయించుకున్నాడు. పైగా, ఇప్పుడు మనమంతా ఇండియావాళ్లం బావా, నీ పాత దొరతనం చెల్లదని నవ్వాడు. దేవరాజన్ విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే ఆఫీసుకు పోయి, నేను ఇలాంటివాడితో ఒక దేశంలో ఉండనని సంతకం పెట్టేశాడు. తండ్రి ఏదైతే చిన్నపిల్లలూ అదే అని రూలు. భక్తవత్సలానికి అప్పుడు పన్నెండేళ్లు. నాలుగు రోజులకు బావా బావమరుదులు మళ్లీ ఒక్కటయ్యారు. సంతకం వెనక్కి ఇమ్మని అడగబోతే, అది అప్పుడే పడవెక్కిపోయిందన్నారు.

"ఇన్నేండ్లు నాకేల చెప్పల్యామా?" అని భక్తవత్సలం తల్లి ముందు చతికిలబడ్డాడు.

"ఎట్ట చెప్పేది నాయనా? వడ కోసరం దేశం మార్చినాడని యాడ చెప్పుకునేది?"

బాపిరాజు ఆ పూట ఏమీ రాసుకోలేదు. కానీ విన్నాక వినలేదనలేడు కదా. ఆరా తీశాడు, నిజమేనని తేలింది. భక్తవత్సలం పుట్టిన ఇంట్లోనే, నలభై నాలుగేళ్లుగా, కాగితం ముక్క లేకుండా ఉంటున్న ఫ్రెంచి జాతీయుడు. కౌన్సిలర్ కుర్చీ సంగతి అటుంచి, కుర్చీ వేసుకునే నేల సంగతే తేలకుండా పోయింది.

టీకొట్టులో రచ్చ మళ్లీ మొదలైంది, ఈసారి అతని మీద. ఇన్నేళ్లూ దొంగ ఓటు వేశాడు, పంపించెయ్యాల్సిందేనని కొందరు. పోనీలెండి, ఈ వయసులో చలిదేశంలో ఏం బతుకుతాడని కొందరు. అతను గెలిపించానని చెప్పుకునే ఎమ్మెల్యేలందర్నీ దించెయ్యాలని ఒక ముసలాయన పట్టుబట్టాడు. ఇంకోపక్క పెళ్లిళ్ల పేరయ్యలు ఇంటి చుట్టూ తిరగసాగారు. ఈ ఊళ్లో ఫ్రెంచి జాతీయుడి కూతురంటే మాటలా, అల్లుడికి ఫ్రాన్సు దారి తెరుచుకున్నట్టే. నిన్నటిదాకా జాతకం కుదరదన్న సంబంధాలు కూడా, అమ్మాయి కవిప్రియ ఊ అంటే చాలు, జాతకం మేమే కుదుర్చుకుంటామని కబురు పెట్టాయి. మహాలక్ష్మి ఎందుకైనా మంచిదని ఉన్ని కొనుక్కొచ్చి స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టింది. ఆ స్వెట్టర్ చూసినప్పుడల్లా భక్తవత్సలానికి వణుకు పుట్టేది.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ ఆ మనిషి నిజంగా భయపడ్డాడు. అతను తిరుపతి దాటి ఎక్కడికీ పోయినవాడు కాదు. ఫ్రెంచిలో వచ్చింది బోంజూర్ ఒక్కటే, అదీ మధ్యాహ్నం తరువాత అనొచ్చో లేదో తెలీదు. పొద్దున లేచి తలుపు తీస్తే ఈ వీధి ఉండదేమోనన్న ఆలోచనకే అన్నం సహించేది కాదు.

బాపిరాజుది మంచి గుండె. చట్టప్రకారం పంపించనూ వచ్చు, చట్టప్రకారమే ఉంచుకోనూ వచ్చని, పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టమని చెప్పాడు. బాగా ఎరిగిన భారత పౌరులు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. తిరుమలై ఒప్పుకున్నాడు. కాకపోతే భక్తవత్సలం సిద్ధాంతాన్ని అందరి ముందూ అతని నోటితోనే ఇంకొకసారి చెప్పించుకుని మరీ ఒప్పుకున్నాడు. రెండోవాడు ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాడైతే మేలని బాపిరాజు అన్నాడు. అలాంటివాడు ఒక్కడే, మేడమీద ఉన్నాడు.

సొంత ఇంటి మెట్లే, చుట్టంలా ఆగి ఆగి ఎక్కాడు. గాస్తోన్ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. సగం కాయలు అతని ముందుకు తోశాడు. భక్తవత్సలం కూర్చుని వలవసాగాడు.

"నన్ను పంపించేదానికి కాయితం పెట్టినావంట," అన్నాడు గాస్తోన్.

"పెట్టినా."

"ఏల భక్తా?"

"అందురూ నిన్ను నిలబడమన్నారు. నేను ఆడనే వుండినా. నా తట్టు ఎవురూ చూడల్యా."

చెప్పేశాక సిగ్గుతో తల దించుకున్నాడు. అంత సిగ్గు అతను పుట్టి ఎరగడు. గాస్తోన్ ఇంకో నాలుగు కాయలు వలిచాడు.

"నువ్వు మంచోడివని నేను చెప్పను. అది అబద్ధం. ఈ ఊరోడివని చెప్తా. అది సత్యం."

భక్తవత్సలం కళ్లు నీళ్లతో నిండాయి. "అది చాలునా?"

"నాకు చాలింది గదా. నా తట్టు సాక్ష్యం చెప్పినాయన గూడా అంతే చెప్పినాడు. వీడు మంచోడో కాదో ఇంగా తెలీదు, ఈ ఊరోడు మాత్రం అయిపోయినాడు అని."

"ఎవురాయన?"

"మీ నాయన."

భక్తవత్సలానికి గర్వంగా అనిపించింది. నాయన మనసు అంతటిది అనుకుంటూ ఇంకో కాయ అందుకున్నాడు. అందుకున్న కాయ చేతిలోనే ఆగిపోయింది. డెబ్భై తొమ్మిదిలో నాయన భారత పౌరుడిగా ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాడు. కానీ అరవైరెండులో వడ పోయిన రోజు నుంచీ నాయన ఫ్రెంచివాడు కదా? ఫ్రెంచివాడికి ఫ్రెంచివాడే సాక్ష్యం చెబితే ఆ పౌరసత్వం నిలుస్తుందా?

తలెత్తి చూశాడు. గాస్తోన్‌కూ అదే క్షణంలో తట్టినట్టుంది. అసలే తెల్లటి మొహం సున్నం కొట్టినట్టయింది. చిక్కుళ్లు చాప మీద దొర్లిపోయాయి.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సాక్ష్యం రాసుకుపోదామని బాపిరాజు వచ్చాడు. కుర్చీ లాక్కుని, కలం తీసి, చిన్న ఇబ్బంది వచ్చిందని చెప్పాడు. గాస్తోన్ పాత ఫైలు బయటికి తీస్తే సగం చెదలు తినేసి ఉందట. సాక్షి కూడా భారత పౌరుడేనని రుజువుగా కొత్త ఫైలుకు అది జతచెయ్యాలట.

"అప్పట్లో ఈయనకి సాక్ష్యం ఎవరు చెప్పారో మీకేవైనా తెలుసాండి?" అని భక్తవత్సలాన్ని అడిగాడు.

ఒక్క మాట చాలు. తన ఫిర్యాదే నిజమైపోతుంది. జనం తలలూపిన మనిషి మూటాముల్లె కట్టుకుంటాడు. కుర్చీ దక్కకపోయినా కసి తీరుతుంది. గాస్తోన్ అతని వైపు చూడకుండా చాప మీది చిక్కుళ్లు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. కాయలతోపాటు తొక్కలు కూడా ఏరెయ్యడం భక్తవత్సలం చూశాడు. తలుపు తీస్తే ఈ వీధి ఉండదేమోనన్న ఆ భయం ఈ మధ్యే తనకూ తెలిసింది.

"తెలీదు సార్. అప్పుడు నేను చిన్నపిలకాయని."

బాపిరాజు కలం ఆపి మనసులో లెక్క వేసుకున్నాడు.

"అప్పటికి మీకు ఇరవై తొమ్మిదేళ్లు కదండీ?"

"మా ఇంట్లో బుద్ధి ఆలస్యంగా వస్తాది సార్," అన్నాడు భక్తవత్సలం. "మా కస్తూరన్న సాక్ష్యం చెప్తాడు, రాసుకోండి."