నా మీద నాలుగుసార్లు రాసిన పేరు

నేను ఒక పుస్తకం కార్డుని. లైబ్రరీ పుస్తకం చివరి అట్ట లోపలి వైపు కాగితంతో చిన్న జేబు అంటించి ఉంటుంది, చూసే ఉంటారు. అందులో ఉంటాను. ఎవరైనా పుస్తకం తీసుకెళ్తుంటే నన్ను పైకి లాగి, తేదీ ముద్ర వేసి, బల్ల మీది చెక్క ట్రేలో నిలబెడతారు. పుస్తకం ఊళ్లోకి పోతుంది. నేను ట్రేలో ఉంటాను. అదీ నా ఉద్యోగం.

నాకు పెద్ద చదువు లేదు. పేర్లు, తేదీలు, అంతవరకే. మాట్లాడే అలవాటూ తక్కువ. ఈ ఒక్కటీ లోపల దాచుకోలేక చెబుతున్నాను.

నన్ను కోసింది ఒక చిన్న ప్రెస్సులో. పెళ్లి శుభలేఖలకి తెచ్చిన అట్ట మిగిలిపోతే దాంతో మమ్మల్ని చేశారు. నా ఒక మూల ఇప్పటికీ పసుపు రంగు ఉంటుంది. అక్కణ్ణించి మా ఊరి శాఖా గ్రంథాలయానికి వచ్చాను. నన్ను పెట్టిన పుస్తకం ఏదంటే, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకి చట్టం ఏం చెబుతుందో, ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి చెప్పుకోవాలో రాసిన పుస్తకం. శుభలేఖ కావలసిన అట్టకి దొరికిన చోటు అది.

రెండేళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ఒక వకీలు గుమాస్తా తీసుకెళ్లాడు. ఒక పెద్దాయన అదేదో కథల పుస్తకం అనుకుని తీసుకెళ్లి మర్నాడే తెచ్చిచ్చాడు. చాలా బాగుందండీ అన్నాడు. నేను చూసినంతలో చదవనివాళ్లే అలా అంటారు. చదివినవాళ్లు ఏమీ అనరు.

మా గ్రంథపాలకుడు పాండురంగం గారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. రూలు ప్రకారం కార్డు మీద సభ్యుడి నంబరు రాస్తే చాలు. ఆయన పేరు రాస్తారు. ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో. నంబరు వెయ్యడానికి వాళ్లేమన్నా ఖైదీలా అంటారు. అది ఆయన మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఆ వేసవిలో సత్యవేణి అనే ఆమె వచ్చింది. బజారులో బట్టల కుట్టు షాపులో పని చేస్తుంది. అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకునేది. అలమరలో వెతకలేదు. తిన్నగా వెళ్లి మా పుస్తకం తీసింది. ఎప్పుడు చూసి పెట్టుకుందో తెలీదు. పదిహేను రోజులకి తెచ్చి, మళ్లీ తన పేరే రాయించుకుంది. అలా నాలుగుసార్లు. నా మీద వరసగా నాలుగు గీతల్లో అదే పేరు.

ఆమె మొగుడు ఏడుకొండలు. ట్రాలీ ఆటో తోలతాడు. పొద్దున్నే లైబ్రరీకి వచ్చి పేపరు చదివి, మడతలు సరిచేసి, బల్ల అంచుకి సమంగా పెట్టి వెళతాడు. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఇటువంటి పాఠకులు పదిమంది ఉంటే చాలని పాండురంగం గారు అంటుండేవారు.

ఇంతలో పైనుంచి ఉత్తరువు వచ్చింది. గ్రంథపాలకులందరూ రెండు రోజులు శిక్షణకి రావాలి. ఫేస్‌బుక్ పేజీ ఎలా తెరవాలి, వాట్సాప్ గ్రూపు ఎలా నడపాలి, పుస్తకాల్ని ఫోనులో ఎలా పెట్టాలి. పాఠం చెప్పిన అమ్మాయికి పాతికేళ్లుంటాయట. నేర్చుకునేవాళ్లకి యాభై దాటాయి. వేలు గట్టిగా నొక్కితే ఒకటి జరుగుతుంది, మెల్లిగా నొక్కితే ఇంకోటి జరుగుతుంది, ఇదెక్కడి చదువమ్మా అని ఒకాయన అడిగాడట. అందరూ నవ్వారట. పాండురంగం గారు నవ్వలేదు. నోటుబుక్కులో అన్నీ రాసుకొచ్చారు.

వచ్చి గ్రూపు పెట్టారు. సభ్యుల పుస్తకంలోని నంబర్లూ, పేపరు చదవడానికొచ్చేవాళ్ల నంబర్లూ ఆయన నంబరూ అన్నీ కలిపి నూటా ఎనభై ఆరు మంది. రోజుకో పుస్తకం అట్ట ఫోటో తీసి పంపాలి. ఎంతమందికి నచ్చిందో సాయంత్రం పై ఆఫీసుకి చెప్పాలి. వారం రోజులు పంపారు. నచ్చిందని పెట్టే బొటనవేళ్లు ఒకరోజు రెండు, ఒకరోజు ఒకటి. అట్టలు చూపిస్తే లాభం లేదండీ, మనవాళ్లు ఏం చదువుతున్నారో చూపించండి అని ఆ అమ్మాయి ఫోనులో సలహా చెప్పింది.

ఆయన ట్రేలో వెతికారు. నేను దొరికాను. ఒకే మనిషి ఒకే పుస్తకాన్ని నాలుగుసార్లు తీసుకెళ్లడం ఆయన సర్వీసులో చూడలేదు. ఆ నాలుగే ఆయన కళ్లకి ఆనింది. నా పైన రాసి ఉన్న పుస్తకం పేరు ఆనలేదు. నన్ను బల్ల మీద పెట్టి, వెలుతురు చూసుకుని ఫోటో తీశారు. మన ఊరి పాఠకురాలు నాలుగుసార్లు చదివిన పుస్తకం, మీరూ చదవండి అని కింద రాశారు. పంపారు. అప్పుడు టైము పదిన్నర.

పది నిమిషాలకి ఫోను మోగింది. రిటైరైన పోస్టుమాన్ మస్తాన్ గారు.

"ఆ సత్యవేణి మన ఏడుకొండలు భార్యేనా మాస్టారూ?"

"అవునండీ. బాగా చదువుతుంది."

మస్తాన్ గారు గొంతు తగ్గించారు.

"పుస్తకం పేరు ఒకసారి చదువుకోండి."

పాండురంగం గారు నన్ను తీసి చదివారు. ఆయన బొటనవేలి చెమట నా అంచుకి అంటింది. ఆ తడి ఇంకా మరకగా ఉంది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఫోటో మీద గట్టిగా నొక్కారు. తీసెయ్యనా అని అడిగింది. అందరికీనా, నీకు మాత్రమేనా అని కూడా అడిగింది. ఆయన చదవలేదు. కనబడినదాన్ని నొక్కేశారు. ఫోటో పోయింది. కుర్చీలో వెనక్కి వాలారు.

"తీసేశానండీ" అన్నారు ఫోనులో.

"నాకు కనబడతానే ఉంది మాస్టారూ."

ఆయన ఒక్కరి ఫోనులోంచే పోయింది. మిగతా నూటా ఎనభై అయిదు ఫోనుల్లో నేను ఉన్నాను. ఇక దాన్ని తియ్యడానికి ఆయనకే దారి లేదు.

శిక్షణలో పాఠం చెప్పిన అమ్మాయికి ఫోను చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. క్లాసులో ఉన్నానండీ అంది. విషయం విని, ఇంకొకళ్లకి గ్రూపు పెత్తనం ఇవ్వండి, వాళ్లు అందరికీ తీసెయ్యగలరు అని చెప్పింది. ఆ పెత్తనం ఇచ్చే చోటు వెతుక్కుని మస్తాన్ గారికి ఇచ్చేసరికి పదకొండుంపావు. తీసేముందు ఎవరెవరు చూశారో చెప్పమన్నారు పాండురంగం గారు.

"అది నాకు తెలీదండీ. బొటనవేళ్లు మాత్రం నలభై ఒకటి." మస్తాన్ గారు పేర్లు చదువుతూ వచ్చారు. ఒక పేరు దగ్గర ఆగారు. "ఏడుకొండలు కూడా పెట్టాడు."

పాండురంగం గారు కుర్చీలోంచి లేచారు.

"ముప్పై ఏళ్లు జనం కవర్లు విప్పకుండా పంచాను మాస్టారూ" అన్నారు మస్తాన్ గారు. ఫోటో అందరికీ తీసేసి ఫోను పెట్టేశారు.

పనిరోజున పన్నెండు కాకుండా లైబ్రరీ తలుపు మూసెయ్యడం అదే మొదలు. పేపరు చదివేవాళ్లని లేపి బయటికి పంపారు. నన్ను చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎందుకో ఆయనకీ తెలీదనుకుంటాను. గుడ్డ వెనక ఆయన గుండె కొట్టుకోవడం నా వీపుకి తగులుతూనే ఉంది.

సత్యవేణికి సొంత ఫోను లేదు. ఆమెకేమీ తెలీదు. మేం షాపుకి వెళ్లేసరికి మిషను మీద జాకెట్టు కుడుతోంది. ఆయన నిలబడే చెప్పారు. నా తప్పమ్మా అన్నారు. ఆమె తొక్కడం ఆపింది. చక్రం కాసేపు దానంతటది తిరిగి ఆగింది.

"బొటనవేలు పెట్టాడా?"

"పెట్టాడమ్మా."

"అరిచే రోజైతే పర్లేదండీ, నవ్వే రోజే..." అంది.

గుడ్డముక్కల మూట అడుగునుంచి పుస్తకం తీసింది. పాత పేపరు అట్ట వేసి ఉంది. మధ్యలో చాలా పేజీల మూలలు మడిచి ఉన్నాయి. పాప పరీక్షలు పది రోజుల్లో అయిపోతాయని, అప్పుడు వెళ్దామనుకున్నానని చెప్పింది. ఎక్కడికో చెప్పలేదు. ఆయన అడగలేదు. నాలుగుసార్లు తీసుకెళ్లింది చదవడానికి కాదు, ధైర్యం కూడగట్టుకోవడానికని అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ.

పుస్తకం ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉండనియ్యమ్మా."

"గడువు దాటితే మీకు మాటొస్తుందండీ."

"రానియ్యి."

ఆమె పుస్తకం పట్టుకుని షాపు వెనక గుమ్మంలోంచి పాప బడివైపు వెళ్లింది. కుడుతున్న జాకెట్టు సూది కిందే ఉండిపోయింది.

లైబ్రరీ మళ్లీ తెరిచాక, నాలుగింటికి ఏడుకొండలు వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. పేపరు తీశాడు, చదవలేదు, మడిచి బల్ల అంచుకి సమంగా పెట్టాడు.

"ఆ కార్డు ఒకసారి చూపించండి మాస్టారూ. ఏయే తేదీల్లో తీసుకుందో చూస్తాను."

"కార్డు వేరేవాళ్లకి చూపించకూడదు."

"పొద్దున ఊరంతటికీ చూపించారు కదా."

"పొద్దున తప్పు చేశాను" అన్నారు పాండురంగం గారు. "మళ్లీ చెయ్యను."

ఏడుకొండలు చూపు ఆయన చొక్కా జేబు మీద ఆగింది. పసుపు మూల పైకి కనబడుతూ ఉంటుంది నాది. చెయ్యి చాచాడు. జేబు తాకలేదు. ఆయన కాలరు సరిచేసినట్టు చేసి, నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూసేదాకా కూర్చున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. ఇప్పటికీ వస్తాడు. పేపరు చదువుతాడు. తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తాడు. ఎదురు బల్ల దగ్గర పాండురంగం గారూ చూస్తారు.

నలభై ఒక్క బొటనవేళ్ల సంగతి పై ఆఫీసుకి ఎలాగో చేరింది. రెండో శిక్షణలో ఆయన్ని లేపి, అందరికీ నాలుగు ముక్కలు చెప్పమన్నారట. కార్డులు చూపించకండి, పేర్లు రాయకండి అని చెప్పి కూర్చున్నారట. అంతేనా సార్ అని అడిగితే అంతే అన్నారట. ఇప్పుడు మా లైబ్రరీలో కార్డుల మీద నంబర్లే. గ్రూపులో పుస్తకాల అట్టలే పంపుతారు. పంపేముందు ఫోటోని వేళ్లతో పెద్దది చేసి అంగుళం అంగుళం చూస్తారు.

నేను ట్రేలోనే ఉన్నాను. గడువు దాటి ఎనిమిది నెలలైంది. పుస్తకం పోయిందని రాసేసి, కార్డు చింపెయ్యమని తనిఖీకి వచ్చినాయన అన్నాడు. పాఠకురాలి దగ్గర ఉంది, పోలేదు అని పాండురంగం గారు చెప్పారు. నన్ను ట్రేలో అన్నిటికన్నా వెనక పెట్టారు.

ఆమె ఎక్కడుందో మాకు తెలీదు. చేరిందో లేదో తెలీదు. ట్రేలో నిలబడిన కార్డులన్నీ తమ పుస్తకం ఎప్పుడొస్తుందా అని చూస్తాయి. పుస్తకం వస్తేనే మళ్లీ జేబు, మళ్లీ అలమర. నేనొక్కదాన్నే తలుపు చప్పుడైతే హడలిపోతాను. ఆ పేపరు అట్ట వేసిన పుస్తకం ఏదో ఒకరోజు తిరిగొస్తుందేమోనని. అది ఏడుకొండలు చేతిలో ఉంటుందేమోనని.