కార్ఖానా డాబా మీద సముద్రం

ఉదయం ఏడు గంటలకు జోగారావు డాబా మీదికి వెళ్ళి, గులాబీ ఆకు ఒకటి వంచి, నాలుకతో నాకాడు.

ఉప్పు లేదు.

ఇంకో ఆకు నాకాడు. దానికీ లేదు. నిన్న సాయంత్రమే ఆయన కల్లుప్పు కరిగించిన నీళ్ళు స్ప్రేయర్‌లో పోసి, టేబుల్ ఫ్యాన్ గాలికి కలిపి ఆ మొక్క మీదికి కొట్టాడు. ఆ ఉప్పు ఇప్పుడక్కడ ఉండాలి. ఎవరో తీసేశారు.

జోగారావుది తణుకు. పంపుసెట్ల కంపెనీలో సేల్స్ మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. సముద్రాన్ని సెలవుల్లో మాత్రమే చూశాడు కాబట్టి ఆయనకు సముద్రమంటే ప్రేమ. ఆయన భార్య కామాక్షి భీమిలిలో అలల చప్పుడు వింటూ పెరిగింది కాబట్టి ఆవిడకు ఆ ప్రేమ లేదు.

భీమిలిలో రామభద్రరావు అనే ఆయన ఇల్లు అద్దెకుంది. సముద్రం కనిపించే వరండా, ముందు చాప పరిచినంత తోట. జోగారావు వెళ్ళి చూసొచ్చాడు. అప్పట్నుంచి కార్ఖానా బస్తీలోని అద్దె వాటాలో ఆయనకు ఊపిరాడటం లేదు.

"ఆ గాలే వేరు కామాక్షీ!"

"వేరే. కిటికీ ఊచలు కూడా తినేస్తుంది. నా మిషన్లు ఏటవుతాయి?"

కామాక్షి ముందుగదిలో కుట్టు క్లాసులు చెబుతుంది. మెట్టుగూడ నుంచి కూడా ఆడపిల్లలు వచ్చి జాకెట్లు కత్తిరించడం నేర్చుకుంటారు.

"మిషన్లకు కవర్లు తొడుగుదాం."

"పిల్లలక్కూడా కవర్లు తొడిగి రైలెక్కిద్దామా?"

ఇలా చాలాకాలం నడిచాక, ఒకరోజు కామాక్షి విసిగిపోయి, "ఆ ఉప్పుగాలికి గులాబీ బతికితే అప్పుడు వస్తాను, సరేనా?" అంది. ఆవిడ అది పోట్లాట ముగించడానికి అంది. జోగారావు మాత్రం మర్నాడే తిరుమలగిరిలో హెన్రీ నర్సరీకి వెళ్ళాడు.

"ఫ్లోరిబండా గులాబి తీస్కోండి సార్," అన్నాడు హెన్రీ. "ఎర్రది. పొట్టిగుంటది, గుత్తులు గుత్తులు పూస్తది. గాలికి విరగదు."

"ఉప్పుగాలికి?"

"తిర్మలగిరిల ఉప్పుగాలి యాడుంది సార్? నన్నడిగితే ఎట్ల?"

న్యాయమైన ప్రశ్న. సముద్రం లేదు కాబట్టి జోగారావు దాన్ని డాబా మీద తయారు చేశాడు. ఫ్యాను, స్ప్రేయరు, కల్లుప్పు. ఒకటో తారీఖున రామభద్రరావుకు మాట చెప్పాలి. ఆ రోజుకు మొక్క బతికుంటే భీమిలి, ఎండిపోతే కార్ఖానా. జడ్జి, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు విమలమ్మ. కామాక్షి ఒప్పుకుంది. ఉప్పుకు గులాబీ ఆగదని ఆవిడకు తెలుసు.

మొదటి మొక్క ఇస్త్రీపెట్టె తగిలినట్టు అంచులన్నీ మాడి, మొగ్గలు రాల్చి, వారం తిరక్కుండా పోయింది. కామాక్షి ఆ తొట్టి ముందు నిలబడి, మాడిన ఆకొకటి గిల్లి చూసి దిగిపోయింది. గడువింకా ఉందని జోగారావు రెండో మొక్క తెచ్చాడు.

రెండో మొక్క రెచ్చిపోయింది. ఎర్రటి చిగుళ్ళు వేసింది, మొగ్గ కట్టింది. ఆకుల మీద తెల్లటి చుక్కలు చూసి, ఇంత ఉప్పు పేరుకున్నా లొంగలేదని జోగారావు మురిసిపోయాడు. నిన్న విమలమ్మ వచ్చి ఆ మురిపెం చెడగొట్టింది.

"సారూ, నా వడియాలల్ల ఉప్పు నేను ఏస్కున్న గద, మళ్ల మీరెందుకు ఏస్తున్నరు?"

"గాలి అటు తిరిగి ఉంటుందండీ."

"మొత్తం నా వడియాలకే తగిలినట్టుంది. మా ఆయన బీపీ మనిషి. మీ చెట్టుకు జెరంతనన్న మిగులుతుందో లేదో, నాకి చూస్కోన్రి!"

నాకి చూసుకున్నాడు. అదీ సంగతి.

జోగారావు తిన్నగా కిందికి దిగి జడ్జి తలుపు తట్టాడు. పైకి వెళ్ళే మెట్లు ఈ ఇంట్లోవాళ్ళకే అందుతాయి. అనుమానించదగ్గవాళ్ళు తక్కువ.

"విమలమ్మగారూ, నా మొక్క ఆకులు మీరు గానీ కడుగుతున్నారా?"

"ఆకులు కడుగుడా? మా ఇంట్ల గిన్నెలు కడిగే మనిషి రాక నేను పరేషాన్ల ఉన్న. మీ ఆకులు కడుగుతనా?"

"ఎవరో కడుగుతున్నారు. కానీ తెల్లటి ఉప్పు చుక్కలు అలాగే ఉన్నాయి. అదే అర్థం కావడం లేదు."

విమలమ్మ వాకిట్లో ఉన్న బకెట్ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. లోపలంతా తెల్లగా చారలు.

"గిదేం ఉప్పు గాదు. బోరు నీళ్లు. ఏది కడిగినా గిట్లనే మచ్చలు పడ్తయి. ఇన్నేండ్లు కిరాయికున్నరు, గింత సుత తెల్వదా?"

ఇన్నాళ్ళూ ఆయన మురిసిపోయింది బోరు నీళ్ళ మరకలు చూసి.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే జోగారావు వాకింగుకని చెప్పి, వీధిలోకి వెళ్ళకుండా డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నాడు. దొరికినవాళ్ళకు చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. 'ప్రయోగం', 'నమ్మకద్రోహం' అనే మాటలు వాటిలో ఉన్నాయి.

మెట్ల మీద గాజుల చప్పుడు. కామాక్షి వచ్చింది. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో మగ్గు.

తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. ఒక్కో ఆకు కింద అరచెయ్యి పెట్టి, పైనా కిందా నీళ్ళు పోసి, వేలితో రుద్దింది. చంటిదానికి స్నానం చేయించినట్టు తిడుతూ చేసింది.

"నువ్వు చస్తే నాకు మంచిది. తెలుసా అది నీకు? ఇటు తిరుగు. ఆ ముందుదాన్ని మాడ్చి చంపేశాడు మహానుభావుడు. చూసి ఊరుకోలేక వచ్చి చస్తున్నాను రోజూ. మా అమ్మ కనకాంబరాలకి ఇలాగే పోసేది. ముళ్ళు గుచ్చకే, నీకే చేస్తున్నాను!"

జోగారావు ట్యాంకు వెనక నుంచి లేవలేదు. ఆ మొక్క బతికితే ఆవిడ పిల్లల్ని వదిలి, మిషన్లు తుప్పుపట్టే ఊరికి పోవాలి. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసే కడుగుతోంది. సిద్ధం చేసుకున్న మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు.

సాయంత్రం యథాప్రకారం ఉప్పునీళ్ళు కొట్టాడు. కాకపోతే గోడకు కొట్టాడు.

ఒకటో తారీఖు వచ్చింది. ముగ్గురూ డాబా మీద చేరారు. తొట్టిలో గుత్తి మొత్తం విచ్చుకుని ఉంది. రక్తం లాంటి ఎరుపు. పక్కన ఇంకో గుత్తి మొగ్గ మీద ఉంది.

"నేను క్లాసు పిల్లలకు చెప్పేశాను," అంది కామాక్షి. గొంతు మామూలుగానే ఉంది. "ఈ నెలాఖరు వరకేనని. మాటంటే మాటే కదా."

"ఇందుల జూసుడేముంది?" అంది విమలమ్మ. "పెండ్లిపందిరి లెక్క పూసింది. సారు గెలిచిండు."

జోగారావు కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. మొక్క చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆకు ఎత్తి చూశాడు. నిట్టూర్చాడు.

"పోయిందండీ."

"ఏం పోయింది?"

"మొక్క. మొక్క పోయింది."

విమలమ్మ మొక్కను చూసింది, ఆయన్ను చూసింది, చివరికి కామాక్షిని చూసింది. "సారుకు కండ్లు గిట్ల చూపించినవా అమ్మా?"

"ఏటండీ మీరు?" అంది కామాక్షి. "ఎదురుగా అన్ని పూలుంటే!"

"అవి ఆఖరి పూలు. పోయేముందు కొన్ని ఇలాగే పూస్తాయి. పైకి కనపడదు గానీ లోపలంతా అయిపోయింది, పాపం. ఉప్పు తట్టుకోలేకపోయింది."

"నేను జడ్జిని. నేను బతికిందంటున్న."

"అయితే అప్పీలు చేసుకుంటాను," అన్నాడు జోగారావు.

కామాక్షి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత నీళ్ళ ట్యాంకు వైపు చూసింది. మళ్ళీ ఆయన్ను చూసింది.

"ఎప్పుడు చూశారు?"

"ఏం చూశాను?"

"ఏం లేదు."

జోగారావు అక్కడే ఫోను తీసి రామభద్రరావుకు కలిపాడు. కంపెనీ రోజుల అలవాటు కొద్దీ జోగారావు ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది.

"మేం రావడం లేదండీ. ఏమీ అనుకోకండి. మా గులాబీ ఉప్పుకు ఆగలేదు."

"గులాబీకేటండీ బాబూ!" అంది ఫోను, డాబా అంతా వినపడేట్టు. "పొద్దున్నే ఆకుల మీద నాలుగు చెంబులు మంచినీళ్ళు పోసేస్తే ఉప్పంతా పోద్ది. మా ఇంట్లో రోజూ అదే పని!"

జోగారావు గొంతు సవరించుకున్నాడు. "అలాగా? మా ఇంట్లో ఎవరికీ తెలీదండీ ఆ సంగతి," అని ఫోను పెట్టేశాడు.

విమలమ్మ నోరు తెరిచింది. కామాక్షి ఆవిడ చెయ్యి నొక్కింది. విమలమ్మ నోరు మూసుకుంది.

వీధి గేటు దగ్గర నుంచి కుట్టు క్లాసు పిల్ల రజిత పిలిచింది. "మేడం! ఈ నెలతోనే క్లాసు బంద్ అంట గదా, నేను జాకెట్టుకు చేతులు అతికించుడు ఇంకా నేర్చుకోనే లేదు!"

"ఎవరన్నారే?" అని పిట్టగోడ మీంచి అరిచింది కామాక్షి. "వచ్చి మిషను మీద కూర్చో. నిన్నటి కుట్టు వంకరగా వచ్చింది, ముందు అది విప్పు!"

చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గబగబా మెట్లు దిగింది.