జ్వరం దిగిన రోజు

కూతురు పిసేయ్ కూడా జ్వరంతోనే పోతుందేమోనన్నది ఛన్‌థాకి అన్నిటికన్నా పెద్ద భయం. మొదటి బిడ్డ అలాగే పోయాడు. అప్పుడు ఏడవడానికైనా ఓపిక ఉండేది. ఈసారి నాలుగేళ్ల పిల్ల ఒళ్లు కాలిపోతున్నా ఆమెకు ఏమీ అనిపించలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. జ్వరం తెచ్చే గాలి ఒంట్లోంచి పోవాలని ఊళ్లో అందరూ చేసేదే చేసింది. బామ్ రాసి, ఆ డబ్బా మూత అంచుతో పిల్ల వీపూ ఛాతీ చేతులూ ఎర్రగా చారలు తేలేదాకా గీసింది. రెండు రోజులు చూసి, వరదనీళ్లలో పడవ మీద సొఖోమ్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ముప్పై నాలుగేళ్లుగా ఆ తొమ్మిది ఊళ్లకీ ఆయనొక్కడే డాక్టరు. ఛన్‌థాకి పురుడు పోసిందీ ఆయనే, ఆమె తల్లికి పోసిందీ ఆయనే. పిల్ల చొక్కా ఎత్తి చూసి తల పట్టుకున్నాడు.

"ఇవేం గీతలే మనవరాలా! పొలం దున్నినట్టుంది."

"గాలి పోతుందని, తాతా."

"గాలి సంగతేమో గాని నా కళ్లు పోయాయి. డెంగీ అయితే ఒంటిమీద ఎర్రచుక్కలు లేస్తాయి. ఈ చారల్లో ఎక్కడని వెతకను?"

మూత చేరని చోట్లన్నీ వెతికాడు. అంగిలి, చంకలు, చెవుల వెనక. చివరికి అరికాలి ఒంపులో మూడు చుక్కలు దొరికాయి. అప్పుడే ఆయన వేళ్లు ఛన్‌థా చేతికి తగిలాయి.

"మీకూ కాలుతోంది కదా తాతా!"

"మూడు రోజులైంది. దోమలకేం తెలుసు, డాక్టరుకి తీరికుండదని!"

రెండు రోజులు ఛన్‌థా ఆరోగ్య కేంద్రంలో పిల్ల పడుకున్న బల్ల పక్కనే కూర్చుని చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పోసింది. ఆయన వచ్చినవాళ్లందరినీ చూస్తూ, మధ్యమధ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. మూడోనాడు పొద్దున పిల్ల ఒళ్లు చల్లబడింది.

"జ్వరం పోయింది తాతా! ఇంటికెళ్లిపోతాం."

ఆయన గబగబా వచ్చి పిల్ల పాదాలు పట్టుకున్నాడు. "ఎక్కడికే వెళ్లేది? ఈ జ్వరం దిగిన రోజే మనిషిని పట్టుకునేది. పాదాలు చూడు, నీళ్లకుండలా చల్లగా ఉన్నాయి. ఒంటికి వెళ్లిందా?"

"రాత్రి నుంచీ లేదు."

సెలైన్ ఎక్కించి, మోటారు పడవవాణ్ణి పిలిచి, జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

"మీరూ రండి తాతా."

"బయట పదకొండుమంది కూర్చున్నారు, వాళ్లని నువ్వు చూస్తావా? నాకూ తెల్లవారుజామున దిగిపోయిందిలే. పదపద." పడవను కాలితో నెట్టాడు.

ఛన్‌థా వినింది. వినడం వరకే.

మర్నాడు ఆసుపత్రిలో పిసేయ్ పక్క తడిపింది, గంజి కావాలంది. "గండం గడిచింది, నవ్వవేమమ్మా!" అంది నర్సు. ఛన్‌థాకి నవ్వు రాలేదు. నాకూ దిగిపోయిందిలే అన్న డాక్టరు మాట ఇప్పుడు మనసుకెక్కింది. ఆయనకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది.

పిల్లను వదిలి తను వెళ్లే వీలు లేదు. అటు వెళ్లే ప్రతి మనిషినీ ఇదే అడుగుతోంది. మీకు ఆ నీటిదారిన పని పడితే, నీలం తలుపుల ఆరోగ్య కేంద్రం దగ్గర పడవ ఆపి, మెట్లెక్కి సొఖోమ్ డాక్టర్ని ఒకసారి చూడండి. బాగానే ఉన్నానంటే నమ్మకండి. ఎవరో ఒకరు ఆయన పక్కన కూర్చునేదాకా అక్కణ్ణుంచి కదలకండి.