హాల్లో సముద్రానికి చోటు

ఈత టీచరు రోజూ పొద్దున కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, హాల్లో నేలమీద సుద్దముక్కతో గీసిన తొట్టి చుట్టూ ఒకసారి తిరిగొచ్చేది. తొట్టి ఇంకా రాలేదు, గీతలే ఉన్నాయి. అయినా లారీల షెడ్డులో మెకానిక్కుగా చేసే ఆమె భర్త ఆ గీతలు తొక్కకుండా గోడవారగా ఒదిగి నడిచేవాడు. ఓసారి తొందరలో కాలు పెట్టి, "అరె, నీళ్లలో దిగాను," అంటూ వెనక్కి తీసుకున్నాడు.

ఆమెకి కావాల్సింది రంగుచేపల గాజుబుడ్డి కాదు. పగడాలు పెరిగే ఉప్పునీటి తొట్టి, మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత పొడవుది. పగడాలకి అల కావాలి, ఎండలాంటి వెలుగు కావాలి, నీళ్ల వేడి పగలూ రాత్రీ ఒక్కతీరుగా ఉండాలి. అందుకని ఏ వస్తువూ కొనకముందే దాని చోటు తేల్చుకునేది.

"తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి ఎందుకు?" అన్నాడు భర్త.

"హీటరు, మురికి నురుగు లాగే స్కిమ్మరు, ఇవన్నీ పైన పెడితే చూడ్డానికి బాగుంటాయా? కింద దాక్కుంటాయి. పైనీళ్లు కిందికి దిగి, శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకెళ్తాయి."

"కరెంటు పోతే?"

"పంపు ఆగి కొన్ని నీళ్లు కిందికొచ్చేస్తాయి. అవి పట్టేంత ఖాళీ కింది తొట్టిలో ఎప్పుడూ వదిలేయాలి. లేదంటే టైలరన్నయ్య నెత్తిన వానే."

"అలలు లేపే పంపులకి లారీ బ్యాటరీ ఒకటి తెస్తాలే. పగడాలు ఊపిరాడక చావవు."

టైలరన్నయ్య ఉండేది సరిగ్గా వాళ్ల హాలు కింద, రెండో అంతస్తులో. ఇల్లూ కొట్టూ ఆ ఒక్క గదే. ఈమధ్య ఆయన గుడ్డల తానులు మూటలు కడుతున్నాడు. ఓనరు తరఫున భవనం చూసుకునే మేనేజరు మెట్లదగ్గర కాగితం అంటించి వెళ్లాడు: అంతస్తులన్నీ బలహీనపడ్డాయి, అందరూ ఖాళీ చేయాలి. ఓనరుకి ఆ స్థలంలో కొత్త భవనం కట్టాలనుందని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరి సామాను వాళ్లు సర్దుకుంటున్నారు.

ఒక్క ఈత టీచరు మాత్రం ఇనుప స్టాండు వెల్డింగు చేయించి తెచ్చి, గీతల మీద సరిగ్గా కుదిర్చింది.

మేనేజరు గుమ్మంలోంచే చూశాడు. "ఖాళీ చేయమంటే సామాను దింపుతున్నారేంటమ్మా?"

"పగడాలు కుదురుకోవడానికే ఏడాది పడుతుంది. గుబురుగా పెరగడానికి ఇంకో పదేళ్లు. అందాకా మేమిక్కడే."

"ఆ బరువు ఈ నేల ఆపదు. అసలు మీ బరువు ఇన్నాళ్లు ఎలా ఆపిందో."

ఆమె బరువు సంగతి తెలియనివాళ్లు లేరు. ఏదైనా గట్టిగా నిశ్చయించుకుంటే బరువెక్కుతుంది. చిన్నప్పుడు మేనత్త ఇంటికి పంపేద్దామని చూస్తే, నలుగురు మగాళ్లు పట్టినా గుమ్మంలోంచి లేవదీయలేకపోయారు. క్లినిక్కులో నర్సు కూడా బరువు చూసేముందు, "ఇప్పుడు దేనికైనా పట్టుబట్టి ఉన్నారా?" అని అడిగి, అవునంటే ఇంకోరోజు రమ్మంటుంది. పట్టు సడలితే మామూలు మనిషే, నీళ్లమీద ఆకులా తేలుతుంది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక చాలా విషయాల్లో ఆమె పట్టు సడలించుకుంటూనే వచ్చింది.

భవనం చూడ్డానికి నగర కార్యాలయం నుంచి ఇంజినీరు వచ్చాడు. స్తంభాలన్నీ కొట్టి చూసి, బాగున్నాయన్నాడు. "నేల సంగతి మాత్రం బరువు పెట్టి చూస్తేగానీ చెప్పలేను. ఇసుక బస్తాలు పైకి మోయించాలి."

"అంత శ్రమెందుకండీ, బలహీనమని రాసేయండి," అన్నాడు మేనేజరు.

"బస్తాలెందుకు, నేనున్నాను కదా," అంది ఈత టీచరు.

ఇంజినీరు సరేనని తలాడించి, స్టాండు కాళ్లకింద బరువుని అంకెల్లో చూపే తూకం బిళ్లలు పెట్టాడు. కింద టైలరు గది పైకప్పుకి, అది ఏమాత్రం వంగినా చూపే ముల్లున్న కొలత పరికరం బిగించాడు.

ఆమె ముందు కిందికెళ్లింది. "అన్నయ్యా, కాసేపు వీధిలో కూర్చోండి."

ఇంజినీరూ బయటికి రమ్మన్నాడు. టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "నేను బయటికి పరిగెత్తితే వాళ్లు చెప్పిందే నిజమైపోతుంది టీచరమ్మా. మీరెళ్లి కూర్చోండి, ఈ కోటు చేతులు నేను కుట్టుకుంటా."

ఆమె పైకొచ్చి స్టాండు మీద కూర్చుంది. అంకె కదల్లేదు, మామూలు మనిషి బరువే. నిజంగానే నేల బలహీనమైతే? కింద ఆయనున్నాడు. భర్త పక్కకొచ్చి నిలబడ్డాడు. కింద కుట్టుమిషను టకటకా ఆడుతూనే ఉంది.

మేనేజరు నవ్వాడు. "చెప్పింది వినొచ్చు కదమ్మా. అద్దెకొంపలో సముద్రం కావాల్సొచ్చిందా?"

స్టాండు కిర్రుమంది. అంకె రెట్టింపైంది.

"ఇచ్చిన చోట సర్దుకునేవాళ్లకి ఇవన్నీ ఎందుకంటాను."

అంకె పరుగెత్తింది. తొట్టి గాజు బరువు దాటింది, అందులో పేర్చే రాళ్ల బరువు దాటింది.

"మీరు ఆపకండి, మాట్లాడుతూ ఉండండి," అన్నాడు ఇంజినీరు మేనేజరుతో, అంకె మీదనుంచి చూపు తిప్పకుండా.

మేనేజరు నోరు మూసుకున్నాడు. అప్పటికే అతని మాటతో పని లేకపోయింది. ఆమె కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, మోకాళ్లు పీకుతున్నా కదలకుండా కూర్చుంది. నీళ్లతో నిండిన తొట్టి బరువూ దాటిపోయింది. ఇంజినీరు కిందికెళ్లి ముల్లు చూసి, మెట్లెక్కి వచ్చాడు.

"వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఎవరూ ఖాళీ చేయక్కర్లేదు."

"ఇంకోసారి చూస్తే బాగుంటుందేమో," అన్నాడు మేనేజరు.

"కూర్చోమంటారా?" అంది ఈత టీచరు.

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. కాసేపటికి కాగితం చించిన చప్పుడైంది.

ఆ పూటంతా ఆమె లేవలేకపోయింది. భర్త అన్నం అక్కడికే తెచ్చిపెట్టి, మోకాళ్లకి నూనె రాశాడు.

తొట్టి వచ్చి, పైన నీళ్లు నింపుతున్న రోజున కోటు యజమాని టైలరు గదికొచ్చాడు. మూటలు విప్పి తానులన్నీ అలమరలో పేర్చి ఉన్నాయి. పైకప్పు మీద నీళ్లు పడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"వచ్చేవారం రండి, సిద్ధంగా ఉంటుంది," అన్నాడు టైలరు.

"ఖాళీ చేస్తున్నారని విన్నాను. ఎక్కడికి రావాలి?"

"ఎక్కడికేంటండీ," అన్నాడు టైలరు, మెడలో టేపు సవరించుకుంటూ. "ఇక్కడికే."