కుర్చీ పక్కన మోకాళ్ల మీద

తెర ఉతికించాలి. ఊగుతున్న చెక్క మెట్టుకు మేకులు కొట్టించాలి. పెట్టుడు గడ్డాలూ మీసాలూ పురుగు పట్టకముందే ఎండలో వెయ్యాలి. వేసవి సెలవులు రాకముందే బడులకు వెళ్లి పిల్లల నాటకం ఆడాలి. ఆసుపత్రి వరండాలో ఆడటానికి అనుమతి తెచ్చుకోవాలి, అదీ రోగులు పడుకునే వేళ కాకుండా చూసుకోవాలి. కొత్తవాళ్లను ఒకరిద్దరినైనా చేర్చుకోవాలి. ఏడాది చివర్లో సొంత హాల్లో 'వీధి వైపు గది' నాటకం ఘనంగా ఆడాలి. ఈసారైనా ఎవరూ అలిగి మధ్యలో వెళ్లిపోకుండా చూసుకోవాలి.

ఏడాది మొదట్లో జరిగిన నాటక సమాజం మీటింగులో మాస్టారు ఈ పనులన్నీ వరసగా చెప్పుకొచ్చి, చివరి దాని దగ్గర తల వంచుకుని ఏదో గొణిగారు. అందరూ గొల్లున నవ్వారు. రాణిగారికి మాత్రం ఆ మాట వినపడలేదు. తనకు వినపడకుండా అన్నారంటే అది తన గురించే అయ్యుంటుందని ఆవిడ అనుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ భూతం ఆ రోజు నుంచి ఏడాది పొడుగునా ఆవిడ వెంట నడిచింది.

రాణిగారిది బస్టాండులో టికెట్ల కౌంటరు. పగలంతా అద్దం వెనక కూర్చుని, అరిచే జనానికి టికెట్లు కొట్టి ఇవ్వడం ఆవిడ పని. సాయంత్రమైతే నాటకం. వయసులో ఉన్నప్పుడు మొదటిసారి వేసింది రాణి వేషం. ఆ అట్టముక్క కిరీటం ఎలుకలు కొట్టేసి చాలాకాలమైంది, పేరు మాత్రం మిగిలింది. మూతపడిన ప్రెస్సు తాలూకు గోడౌనే వాళ్ల హాలు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారు నాటకాలు నడిపిస్తారు. రాణిగారి చెల్లెలు దర్జీ, కాబట్టి దుస్తుల బాధ్యత ఆమెది. కరెంటాయన దీపాలు చూసుకుంటాడు. ఆ ఏడాది కొత్తగా చేరింది కళ్లజోళ్ల షాపులో పనిచేసే పిల్ల. అందరూ కళ్లజోళ్ల పిల్ల అనేవాళ్లు. మనిషికి మాత్రం జోడు లేదు.

మొదటి నాటకం హాస్యనాటకం. రిహార్సల్లో రాణిగారు ఒక విషయం పసిగట్టింది. తను గదిలోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. ఆగకపోతే గుసగుసలైపోతున్నాయి. కరెంటాయనకు ఒకప్పుడు వీధి చివర నుంచి పిలిచినా గోడలు అదిరేవి. ఇప్పుడు ఆయన కూడా తన పక్కన నిలబడి నోట్లో నోట్లోనే మాట్లాడుతున్నాడు.

"ఏమే, నాకు తెలియకుండా ఏం నడుస్తోందిక్కడ?" అని చెల్లెల్ని దుస్తుల గదిలో నిలదీసింది.

చెల్లెలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని జాకెట్టు బిగిస్తోంది. సూదులు తీసి, అక్క కుడి పక్కకు వచ్చి నిలబడింది. "ఏం నడుస్తుందక్కా? నీ నడుమే నడవట్లేదు. పోయినేడాది కొలతకి రెండు వేళ్లు పెంచాల్సొచ్చింది."

"నవ్వించి మాట తప్పించకు. నేనడిగింది వేరు."

"నేను చెప్పేదీ వేరే. చేతులెత్తు."

చెల్లెలు కళ్లు దించుకోవడం రాణిగారు అద్దంలో చూసింది. అక్క దగ్గర అబద్ధం ఆడాల్సి వస్తే చిన్నప్పటి నుంచీ దానికదే అలవాటు.

ఆ తరవాత బడులు. రాణిగారు ఎలుగుబంటి, కళ్లజోళ్ల పిల్ల తేనెటీగ. తేనెటీగ ఎలుగుబంటి చుట్టూ తిరగాలి కదా. ఈ తేనెటీగ ఎంతసేపూ కుడి వైపే జోరీగలా అతుక్కుని ఉండేది. తిరుగు ప్రయాణంలో వ్యానెక్కగానే కూడా, ఖాళీ సీట్లు ఎన్ని ఉన్నా, రాణిగారి కుడి పక్కనే వచ్చి కూర్చునేది.

"అటు కూర్చోరాదా అమ్మాయ్? అంత చోటుంది."

"ఇక్కడ గాలి బాగా వస్తుంది పిన్నీ."

కిటికీ అటు వైపుంది. గాలీ అటే. రాణిగారు మనసులో గుర్తు వేసుకుంది. దీనికి నా పక్కన ఏదో పనుంది.

ఆ పనేమిటో వానాకాలంలో తెలిసిందనుకుంది. జోడు కాడ విరిగితే బాగుచేయించుకుందామని కళ్లజోళ్ల షాపుకు వెళ్లింది. పిల్ల కౌంటరు మీదికి వంగి అద్దాలు తుడుస్తూ, గుమ్మం వైపు చూడకుండా, తనలో తను మాట్లాడుకుంటోంది. రాణిగారు గడప దాటి ఆ పెదాల వైపే చూసింది. కాసేపటికి గుర్తుపట్టింది. అవి తన మాటలు. 'వీధి వైపు గది'లో తను చెప్పాల్సిన మాటలు. ఒక్కటీ పోకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, తన చెయ్యి ఎత్తినచోట చెయ్యి ఎత్తుతూ.

విరిగిన జోడు సంచిలోనే ఉంచుకుని వెనక్కి వచ్చేసింది. ఏకు మేకవడమంటే ఇదే అనుకుంది. ఆ పాత్ర కోసం ఆవిడ ఎన్నేళ్లుగానో ఎదురుచూసింది. పెళ్లి వద్దనుకున్నప్పుడు గానీ, బస్టాండులో ప్రమోషన్ వేరే ఊరని వదులుకున్నప్పుడు గానీ, ఇదిగో ఇలాంటి పాత్ర ఒకటి వస్తుందని మనసులో ఉండేది. అది పోతే ఇక ఆవిడకు మిగిలేది అద్దం వెనక కౌంటరే.

నాటకంలో కథ చిన్నదే. వీధి వైపు గదిలో ఒకావిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు మీదికే చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లో ఏం జరిగినా పట్టించుకోదు. కూతురు వచ్చి వచ్చి మాట్లాడుతుంది. చివరికి, "అమ్మా, నేనూ ఈ ఇంట్లోనే ఉన్నాను, ఒక్కసారి ఇటు చూడు," అంటుంది. తల్లి ఇటు తిరుగుతుంది. అంతే.

స్టేజీ మీద ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడితే ఎడమ చివర కిటికీ చట్రం. రాణిగారు దాని వైపు తిరిగి కూర్చుంటే కుడి చెవి ప్రేక్షకుల వైపు, ఎడమ చెవి వెనక తెర వైపు ఉంటాయి. మాస్టారు మొదట కూతురి వేషం వేసే కళ్లజోళ్ల పిల్లను వెనక తెర దగ్గర నిలబెట్టారు. అలాగైతే తల్లి మొహం పక్కవాటుగా, కూతురి మొహం నిండుగా ప్రేక్షకులకు కనిపిస్తాయి. నాలుగైదు రిహార్సల్సు అలాగే నడిచాయి. ఉన్నట్టుండి ఒక రోజు ఆ పిల్ల ఇవతలికి వచ్చి, కుర్చీకీ ప్రేక్షకులకూ మధ్య మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఇదేంటి మాస్టారూ, నాకడ్డంగా?"

"అడ్డం కాదమ్మా, కిందే కూర్చుందిగా. దాని తల మీద నుంచి నీ మొహం కనిపిస్తూనే ఉంటుంది."

"రాసినచోట నిలబడటానికి ఏం రోగం?"

మాస్టారు సుద్దముక్క కోసం జేబులు తడుముకున్నారు. "ఇలాగైతే... దగ్గరితనం వస్తుందనీ..."

"వస్తుంది, వస్తుంది. కాళ్ల దగ్గర కూర్చుంటే జాలి కూడా వస్తుంది. చప్పట్లూ వస్తాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నిలబడి నెగ్గలేక కూర్చుని నెగ్గుదామని!"

కరెంటాయన నిచ్చెన మీద నుంచి, "అక్కగారూ, మీ మీద లైటు తగ్గించలేదు, చూసుకోండి," అన్నాడు. అడక్కుండానే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాకపోతే ఏమిటిది?

ఆసుపత్రి వరండాలో, లైబ్రరీలో, కుట్టుపని నేర్పే కేంద్రంలో నాటకం అలాగే ఆడారు. రోగుల బంధువులు కళ్లు తుడుచుకున్నారు. ఎక్కడ ఆడినా రాణిగారు ఆ పిల్ల మొహాన్నే గమనించింది. కిటికీలోకి చూస్తున్నట్టే ఉంటూ ఓరకంట కనిపెట్టింది, ఎక్కడ దొరుకుతుందా అని. ఒకటి రెండు చోట్ల రాణిగారి మాట ఆలస్యమైతే, పిల్ల తన పెదాలతోనే ఆవిడ మాట మొదలుపెట్టి ఆపింది. దాంతో ఆవిడకు లోపల భగ్గుమంది. పొమ్మనలేక పొగబెడుతున్నారని ఖాయం చేసుకుంది. పొగ పెట్టేది పిల్ల, ఊదేది మాస్టారు, కట్టెలు అందించేది సొంత చెల్లెలు.

ఆ సమాజానికి ఒక పద్ధతుంది. ఏడాది చివరి ప్రదర్శనకు ముందు ఒక సాయంత్రం 'తారుమారు' ఆడతారు. ఎవరి వేషం వాళ్లు వెయ్యరు, ఎదుటివాళ్లది వేస్తారు. ఎదుటివాళ్లకు స్టేజీ మీద నుంచి ఏం కనిపిస్తుందో తెలియాలని మాస్టారు పెట్టిన ఆనవాయితీ. ఇంకొకటి కూడా ఉంది. రిహార్సల్లో ఎప్పుడూ దర్జీ చెల్లెలు ఆఖరి వరసలో కూర్చుంటుంది. మాట అక్కడిదాకా వినిపిస్తే చెయ్యెత్తుతుంది.

తారుమారు కోసం రాణిగారు కాచుకుని ఉంది. ఆ పిల్ల తన కుర్చీలో కూర్చున్నప్పుడు మొహంలో ఆశ ఎలా పొంగుతుందో అందరి ముందూ చూపించాలని ఆవిడ పట్టుదల.

పిల్ల కుర్చీలో కూర్చుంది. అంచు మీద, వేరేవాళ్ల ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. రాణిగారు వెనక తెర దగ్గరికి వెళ్లి మాట మొదలుపెట్టింది.

"అక్కడ కాదు పిన్నీ," అంది పిల్ల. "ఇటు. కింద."

"నాకు తెలుసులే."

ఇవతలికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఎదురుగా కుర్చీ కాలు. కొంచెం తలెత్తితే కూర్చున్నవాళ్ల మొహం. ఇంకేమీ లేదు. దీపం వెలుగు వీపు మీద పడుతోంది. ప్రేక్షకులుండే చోటంతా వీపు వెనక ఉంది. కూతురి మాటలు ఒక్కొక్కటే చెబుతుంటే రాణిగారికి ఒకటి అర్థమైంది. తను ఎంత ఏడ్చినా ఎవరికీ కనిపించదు. పెదవి వణికినా కనిపించదు. ఇన్నేళ్లుగా స్టేజీ మీద ఉన్న మనిషి ఆవిడ. మొహం దాచుకుని పాత్ర కాజేసిన నటిని ఎక్కడా చూడలేదు. ఏ దొంగా దోచుకోవడానికొచ్చి తన మూటే వదిలిపోడు.

మధ్యలోనే లేచింది. "లే. నా కుర్చీ నాకియ్యి."

పిల్ల గబుక్కున లేచింది.

"నువ్వెళ్లి రాసినచోట నిలబడి చెప్పు. ఆఖరి మాట."

పిల్ల మాస్టారి వైపు చూసింది. మాస్టారు నేల వైపు చూశారు.

"ఆయన్నెందుకు చూస్తావ్? వెళ్లు."

రాణిగారు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పైన ఫ్యాను గరగరలాడుతోంది. చట్రం అవతల గోడకు పెచ్చులూడిన సున్నం. వెనక నుంచి మాట వస్తే తను తిరగాలి. ఎదురుచూసింది. మాట రాలేదు.

"చెప్పమంటే చెప్పవేం?" అని కిటికీ మీంచి చూపు తిప్పకుండానే కసిరింది.

మాట రాలేదు. ఫ్యాను చప్పుడే. కోపంతో గిరుక్కున తిరిగింది. పిల్ల తెర దగ్గర నిలబడి ఉంది, చేతులు రెండూ ముందుకు చాచి, కళ్ల నిండా నీళ్లతో. ఇటు హాలు వైపు చూస్తే, ఆఖరి వరసలో, చెల్లెలు చెయ్యెత్తి ఉంది.

ఆ ఎత్తిన చెయ్యి వంక రాణిగారు చాలాసేపు చూసింది.

"ఎప్పుడు చెప్పావ్?" అంది.

పిల్ల పరుగున కుడి పక్కకు వచ్చింది. "రెండుసార్లు చెప్పాను పిన్నీ."

ఏడాదంతా విన్న గుసగుసలన్నీ ఒక్కసారిగా వేరే అర్థంతో ఆవిడ ముందు నిలబడ్డాయి. వాళ్లెవరూ గొంతు తగ్గించలేదు.

"అందరికీ తెలుసా?"

చెల్లెలు కుర్చీల మధ్య నుంచి తడబడుతూ వచ్చింది. "నీకెలా చెప్పమంటావక్కా? మాట అందుకోలేనివాడు స్టేజీ దిగాలని మొదటి నుంచీ నువ్వేగా అంటావు! చెబితే ఆ పూటే దిగిపోయేదానివి. నువ్వు ఇంట్లో కూర్చుంటే నేను చూడగలనా?"

"అందుకని ఈ పిల్ల మొహం మాపేస్తారా?"

"మేం చెప్పలేదమ్మా," అన్నారు మాస్టారు. "ఓ రోజు అదే వచ్చి కూర్చుంది. కిటికీని ఇటు చివరికి మారుద్దామనుకున్నాను. ఇటేమో తలుపు. పైగా, ఎందుకు మార్చారని నువ్వడుగుతావు."

"మరి నా మాటలెందుకు కంఠతా పట్టావే?"

"మీకు అందకపోతే అందిద్దామని పిన్నీ," అంది పిల్ల. తప్పు చేసి దొరికినట్టు అంది.

రాణిగారు చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఎడమ చెవి దాదాపు పోయిందనీ, కుడిది సగమేననీ ఆయన చెప్పాడు. చెవికి పెట్టుకునే మిషను వస్తుందన్నాడు, ప్రదర్శన నాటికి మాత్రం రాదన్నాడు. సాయంత్రం మామూలు వేళకే హాలుకు వచ్చింది.

"ఈ పిల్ల వెనక నిలబడుతుంది," అంది. "మాట అయిపోగానే నా కుర్చీ వీపు మీద తట్టాలి. నేను తిరుగుతాను."

"పొరపాటు పడితే?" అన్నారు మాస్టారు.

"పడతాను. నేను పడింది జనం చూస్తారు. చూడనీండి."

"వద్దు పిన్నీ, నాకలాగే బాగుంది..."

"నోరు మూసుకో. ఏడాదంతా నేను నిన్ను కనిపెట్టినట్టు ఒక్క రోజు జనాన్ని కూడా చూడనియ్యి."

ప్రదర్శన రోజు హాలు నిండింది. రాణిగారు ఒకచోట కుర్చీ అదిరిందనుకుని ముందే అందుకుంది. పిల్ల మాట సగంలో తెగింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. ఇద్దరూ సర్దుకున్నారు. చివరి మాట దగ్గర తట్టిన తట్టుకు ఆవిడ తిరిగి చూసేసరికి, పిల్ల మొహం మీద వెలుగంతా ఉంది. చుబుకం వణుకుతోంది. హాల్లో చప్పుడు లేదని చెల్లెలు తరవాత చెప్పింది.

నెల తిరక్కుండా షాపువాళ్లు ఆ పిల్లను వేరే ఊళ్లో బ్రాంచికి పంపించారు. పూర్తి మొహంతో ఆ పాత్రను ఆమె వేసింది ఆ ఒక్కసారే. తక్కినన్నాళ్లూ ఆ మొహాన్ని చూసింది ఒకే ఒక్క మనిషి, అదీ అనుమానంతో.

ఆ ఏడాది ఆసుపత్రి వరండాలోనో, లైబ్రరీలోనో ఆ నాటకం చూసినవాళ్లు మీలో ఉండొచ్చు. కుర్చీలో కూర్చున్నావిడ మీకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది, ఇప్పుడు చెవికి మిషను కూడా ఉంది. ఆవిడ పక్కన, మీకు వీపు పెట్టి, మోకాళ్ల మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. దయచేసి ఆ పిల్లను గుర్తుంచుకోండి.